బరువు తగ్గిన పిదప వ్రేలాడే చర్మం: శస్త్రచికిత్స ధర్మసమ్మతమేనా?

స్థూలకాయం నుండి బయటపడినవారికి తరచుగా మరో సమస్య ఎదురవుతుంది. ఏళ్ళ తరబడి సాగిన చర్మం మళ్ళీ బిగుసుకోదు. పొట్టపై, తొడలపై మడతలుగా వ్రేలాడుతుంది. చెమట నిలిచి, ఒరుసుకొని పుండ్లు పడతాయి. గుస్ల్‌లో ప్రతి మడతలోకీ నీరు చేర్చడమూ శ్రమే. వ్యాయామంతో ఇది పోదు. మరి దీన్ని కోయించుకోవడం అల్లాహ్ సృష్టిని మార్చడమవుతుందా?

అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునే స్త్రీలను శపించే హదీసును హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. చికిత్స కోసమో, లోపం తొలగించడానికో అయితే దోషం లేదని ఇమామ్ నవవీ దీన్ని వివరించారు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్‌ఫజా (రజి) పెట్టుకున్న వెండి ముక్కు దుర్వాసన కొట్టగా, బంగారపు ముక్కు పెట్టుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పురుషునికి నిషిద్ధమైన బంగారం అవసరం వల్ల అనుమతించబడింది.

2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, శారీరకంగా గాని మానసికంగా గాని బాధించే వికారాన్ని తొలగించే శస్త్రచికిత్సను అనుమతించింది. ఇతరులను అనుకరించే కోరికతో సహజరూపాన్ని మార్చుకోవడాన్ని నిషేధించింది.

అయితే అనుమతి ఉన్నంత మాత్రాన తొందరపడరాదు. ఇది పెద్ద శస్త్రచికిత్స. పొడవైన మచ్చలు మిగులుతాయి; కుట్లు విడిపోవడం, చీము పట్టడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలున్నాయి. బరువు కొన్ని నెలలపాటు నిలకడగా ఉన్న తర్వాత, రక్తహీనత సరిచేసుకొని, పొగత్రాగడం మానిన పిదపనే వైద్యులు దీనికి పూనుకుంటారు.

కావున బాధపడుతున్నవారు సంకోచం లేకుండా నమ్మకమైన వైద్యుణ్ణి సంప్రదించవచ్చు. బాధ లేనివారు ఆ చర్మాన్ని అలాగే ఉండనిస్తే సిగ్గుపడవలసింది ఏమీ లేదు.