వాదమా? కలహమా?

ఆంగ్లమున భిన్నాభిప్రాయమును తెలుపు పదములు పెక్కు గలవు. వాని నన్నిటిని ‘తగవు’ అను నొక్క మాటతో సరిపుచ్చరాదు. ‘డిస్కషన్’ అనగా చర్చ. ‘డిబేట్’ అనగా ఇరుపక్షములవారు నియమముల ననుసరించి సాగించు వాదము. ‘డిస్ప్యూట్’ అనగా హద్దు, కూలి మొదలగు వానిపై తెగని వివాదము. ‘క్వారెల్’ అనగా కలహము. దాని మూలమైన లాటిను పదమునకు ఫిర్యాదు అని యర్థము.

చిక్కెల్ల ‘ఆర్గ్యుమెంట్’ అను పదముతోనే. హేతువు చూపి మాట నిలుపుటయు, కోపముతో మాటలు విసరుకొనుటయు రెండును దాని యర్థములే. అయినను మూలమైన లాటిను క్రియకు స్పష్టపరచుట అని యర్థము.

ఈ భేదము మనకు క్రొత్త కాదు. తత్త్వ మెరుగుటకై చేయునది వాదము, గెలుపునకై చేయునది జల్పము, తన పక్షము నిలుపక పరపక్షమును ఖండించుట మాత్రమే వితండ యని న్యాయశాస్త్రము విభజించినది.

కావున ఉపాధ్యాయుడు మీ బిడ్డను గూర్చి ‘ఆర్గ్యూస్ వెల్’ అని వ్రాసినచో, తగవులమారి యని తలంపవలదు, అది మెప్పు. ఇంట బిడ్డ ‘ఎందుకు?’ అని యడిగినపుడు ‘ఎదురు చెప్పకు’ అని నోరు మూయింపక, కారణమును తెలుగున చెప్పనిండని తలిదండ్రులకు మా మనవి. ఇంటిభాషలో హేతువు చెప్ప నేర్చిన బిడ్డకు ఏ భాషలోనైనను వాదించుట సులభమగును.