ముండ్లపొదల పక్షి - కలివికోడి

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో నల్లమల అడవికిని పొలములకును నడుమ ముండ్లపొదల నేలలు కలవు. రేగు, తుమ్మ, కలివి మొదలగునవి ఇచట పెరుగును. కంభము చెరువున కొంగలను, అడవిలో నెమళ్లను చూచి ముచ్చటపడువారు సైతము ఈ పొదలనేలను బంజరని తలతురు. కాని ఇట్టి నేల విలువ యెంతటిదో ఈ కొండలకు దక్షిణమున, కడప జిల్లాలో బయల్పడినది.

ప్రపంచమున సుమారు 11,000 పక్షిజాతులు కలవు. ఇన్ని జాతు లేల? ప్రతి జాతియు ఆహారమును, చోటును, వేళను వేరుగా ఎంచుకొని బ్రతుకుటయే దీనికి ముఖ్యకారణము. తీతువులకు దూరపు బంధువులైన కోర్సరు పక్షులనే తీసికొందము. వీనిలో ఇండియన్ కోర్సరు పగటివేళ బయలునేలలలో మేయును. జెర్డన్ కోర్సరు, అనగా మన కలివికోడి, రాత్రివేళ పొదల నడుమ తిరిగి చెదలు, చీమలు మొదలగువానిని తినును.

దీని శరీరము ఈ జీవితమునకు తగినట్లున్నది. చీకటిలో చూచుటకు పెద్దకండ్లు, నేలలో కలిసిపోవు గోధుమవన్నె కలవు. కొమ్మను పట్టుకొనుటకు ఉపయోగపడు వెనుకవ్రేలు పరుగెత్తు ఈ పక్షికి లేదు. ఉన్నవి ముందరి మూడువ్రేళ్లే. శత్రువుల కంటబడని పిల్లలు బ్రతికి, తమ లక్షణములను సంతతికి అందించుటచే తరతరములుగా ఇట్టి మార్పులు స్థిరపడును. దీనినే ప్రకృతివరణ మందురు.

సైనికవైద్యుడగు జెర్డన్ కనుగొన్న ఈ పక్షిని 1848లో బ్లైత్ శాస్త్రీయముగా వర్ణించెను. 1900లో అనంతపురము సమీపమున కనబడిన తరువాత ఇది శాస్త్రజ్ఞుల కంటబడలేదు, నశించినదనియే తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్, స్థానికుల సాయముతో, కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద దీనిని తిరిగి కనుగొనెను. పిదప అచట శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

రాత్రివేళ పొదలలో దాగు పక్షిని వెదకుట యెట్లు? పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, దానిపై పడిన అడుగుజాడలను తెల్లవారి పరిశీలించిరి. జాడ కొలతను, ఆకారమును బట్టి కలివికోడిని ఇతర పక్షులనుండి గుర్తింపవచ్చును. తానుగా ఫోటో తీయు కెమెరాలను కూడ అమర్చిరి.

ఈ పరిశీలనలవలన ఒక ముఖ్యవిషయము తెలిసినది. పొదలు మరీ దట్టమైనను, మరీ పలుచనైనను ఈ పక్షికి సరిపడదు. కావున చెట్లు నాటినంతమాత్రమున దీనికి మేలు కలుగదు. పొదలను నరికి పొలములు, తోటలు చేసినను, వంటచెరకునకు మితిమీరి కొట్టినను దీనికి నిలువనీడ యుండదు. 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ త్రవ్వకమువలన దీని నివాసమునకు ముప్పు వాటిల్లగా, కాలువ మార్గమును మార్చవలసివచ్చెను. ఈనాటికిని ఇది అత్యంత ప్రమాదస్థితిలో నున్న జాతులలో నొకటి.

ఒక పక్షిని రక్షించుట యనగా అది అలవాటుపడిన నేలను రక్షించుటయే. కొండదిగువ పాఠశాలల విద్యార్థులు తమ ఊరి పొదలనేలలో ఏ ఋతువున ఏ పక్షి కనబడునో, ఏమి తినునో వ్రాసియుంచినచో, బంజరనబడు నేలలో నిజముగా ఏమున్నదో వారికే తెలియగలదు.