గదిగదికీ ధ్వని, దృశ్యము: ఇల్లు కట్టేటప్పుడే వేయవలసిన దారి

ఇల్లు కట్టించేవారు ముందుగా నీటి గొట్టాలను గురించి ఆలోచిస్తారు; తరువాత దీపాలకు, ఫ్యానులకు కావలసిన కరెంటు తీగలను గురించి ఆలోచిస్తారు. పాటకు, మాటకు, బొమ్మకు కూడా ఇంట్లో ఒక దారి కావాలనే ఆలోచన మాత్రం సాధారణంగా గృహప్రవేశం అయిన తరువాతనే వస్తుంది. అప్పుడు తీగలు గుమ్మాల మీదుగా, కిటికీ సందులలో నుంచి వేలాడుతూ పోవలసిందే. లేదా సున్నము ఆరని గోడను ఉలితో చెక్కవలసిందే.

ఒకప్పుడు ఈ చిక్కు లేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన రోజులలో రేడియో ఉన్న ఇల్లే అరుదు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చిన తరువాత కూడా చాలాకాలము టెలివిజను ముందు గదిలో ఒక్కచోటనే ఉండేది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వంటి పథకాలతో, వెంట్రుకవలె సన్నని ఒక్క గాజుతీగ మీద టెలివిజను, ఇంటర్నెట్, టెలిఫోను మూడూ గడప దాకా వచ్చాయి. గడప దాకా వచ్చినది లోపలి గదులకు చేరేది ఎట్లా అన్నదే ఇప్పటి ప్రశ్న.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట దానికి కేంద్రమైంది. ఈ పట్టణములోను, మాచర్ల, గురజాలలలోను ఇళ్ళు కట్టి ఇచ్చే బిల్డర్లు ఈ ప్రశ్నకు గోడలు లేవకముందే సమాధానము చెప్పవలసి ఉన్నది.

ఒక ట్యాంకు, అనేక కొళాయిలు

ఇల్లంతటికీ ధ్వని, దృశ్యము అందించే ఏర్పాటును మిద్దె మీది నీటి ట్యాంకుతో పోల్చవచ్చును. నీరు ఒక్కచోట నిల్వ ఉంటుంది. గొట్టాల ద్వారా వంటగదికి, స్నానాలగదికి పోతుంది. ఎవరికి కావలసినప్పుడు వారు కొళాయి తిప్పుకొంటారు. అట్లాగే ఒక చిన్న అలమరలో రేడియో, టెలివిజను, ఇంటర్నెట్ పెట్టెలూ, ధ్వనిని పెంచే ఆంప్లిఫయరూ ఉంటాయి. అక్కడి నుంచి తీగలు గదిగదికీ పోతాయి. గదిలో స్పీకరు, టెలివిజను తెర, శబ్దమును తగ్గించే మీట మాత్రమే ఉంటాయి.

దీనివల్ల లాభమేమి? కోటప్పకొండ తిరునాళ్ళ వంటి జనసమ్మర్దములో ఒకే పెద్ద మైకు పెడితే దగ్గరివారికి చెవులు గింగిరులెత్తుతాయి, దూరపువారికి వినిపించదు. ఆరుబయట దూరము రెట్టింపైతే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోవడమే దీనికి కారణము. చిన్న స్పీకర్లను అక్కడక్కడ అమరిస్తే తక్కువ శబ్దముతోనే అందరికీ వినిపిస్తుంది. ఇంటి సంగతీ ఇదే. ముందు గదిలో వార్తలు పెద్దగా పెడితే గాని వంటగదిలోని తల్లికి వినబడవు. ఆ శబ్దానికి పక్క గదిలో పరీక్షకు చదువుకొనే పిల్లవాడి చదువు చెడుతుంది. గదిగదికీ స్పీకరు ఉంటే ఆమెకు వార్తలు, అతనికి నిశ్శబ్దము రెండూ దక్కుతాయి.

తీగ లేకుండా చాలదా?

వైఫై ఉండగా తీగలెందుకని కొందరు అడుగుతారు. వైఫై కూడా రేడియో తరంగమే. సెకనుకు 240 కోట్ల కంపనాలు గల తరంగపు పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 500 కోట్ల కంపనాలు గల దాని పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. తరంగము గోడను తాకినప్పుడు కొంత వెనుకకు మళ్ళుతుంది, కొంత గోడలోనే హరించుకుపోతుంది, మిగిలినదే అవతలికి చేరుతుంది. పొట్టి తరంగానికి ఈ నష్టము ఎక్కువ. పల్నాటి పాత ఇళ్ళ లావైన రాతిగోడలు, కొత్త ఇళ్ళలో ఇనుప ఊచలు నిండిన కాంక్రీటు స్లాబులు ఈ తరంగాలకు పెద్ద ఆటంకాలు. కనుక చేతిలోని ఫోనుకు వైఫై మంచిదే. కాని ప్రతి అంతస్తులోను ఒక వైఫై పెట్టె పెట్టి, ఆ పెట్టెలను గోడలోని తీగతో కలపడమే నమ్మదగిన పద్ధతి.

తీగను ఎన్నుకోవడము

తీగకు విద్యుత్ నిరోధము ఉంటుంది. అలమరకు 15 మీటర్ల దూరములోని స్పీకరుకు పోను రాను 30 మీటర్ల రాగితీగ కావాలి. ఆ తీగ మందము అర చదరపు మిల్లీమీటరైతే నిరోధము సుమారు 1 ఓము. 8 ఓముల స్పీకరుకు దీనిని కలిపితే, పంపిన శక్తిలో దాదాపు తొమ్మిదో వంతు తీగలోనే వేడిగా పోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నష్టము నూటికి రెండున్నర పాళ్ళకు తగ్గుతుంది.

పాఠశాల వంటి పెద్ద భవనాలలో వేరొక ఉపాయము ఉన్నది. నాగార్జునసాగరులో పుట్టిన కరెంటును దూరప్రాంతాలకు పంపేటప్పుడు ఓల్టేజిని పెంచుతారు గదా! అట్లాగే ధ్వని సంకేతమును 100 ఓల్టులకు పెంచి పంపి, ప్రతి స్పీకరు దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గిస్తారు. 10 వాట్ల శక్తికి 8 ఓముల స్పీకరులో 1.1 ఆంపియర్ల ప్రవాహము కావలసి ఉండగా, 100 ఓల్టుల తీగలో 0.1 ఆంపియరు చాలును. నష్టము ప్రవాహపు వర్గమును అనుసరిస్తుంది కనుక అదే తీగలో నష్టము సుమారు 125వ వంతు అవుతుంది.

ఇంటర్నెట్ తీగలో రాగిపోగులు జతలుజతలుగా మెలివేసి ఉంటాయి. బయటి అయస్కాంత క్షేత్రము రెండు పోగులలోను సమానమైన ప్రభావమును కలిగిస్తుంది; చివర రెండింటి భేదమునే తీసుకొంటారు గనుక ఆ ప్రభావము రద్దవుతుంది. అయినా ఈ తీగలనూ, 230 ఓల్టుల కరెంటు తీగలనూ ఒకే గొట్టములో వేయరాదు. ఇది స్పీకర్లలో గుర్రుమనే చప్పుడు రాకుండా చూచుకోవడానికి మాత్రమే కాదు, ప్రాణరక్షణకు సంబంధించిన నియమము కూడా. రెండు రకాల గొట్టాలు ఒకదానినొకటి దాటవలసి వస్తే లంబకోణములో దాటించాలి.

నాపరాతి గది, ప్రతిధ్వని

పల్నాడు నాపరాయికి, సున్నానికి పేరుపొందిన ప్రాంతము. నాపరాళ్ళు పరచి, గోడలకు నున్నగా పూత పూసిన గది చూడటానికి చల్లగా ఉంటుంది గాని ధ్వనిని చాలా కొద్దిగానే పీల్చుకొంటుంది. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో ఒక ఉపన్యాసశాలలో మాట అర్థము కావడములేదని, కారణము కనుక్కోమని వాలెస్ సాబిన్ అనే అధ్యాపకుని కోరారు. ఆయన రాత్రివేళ మరొక శాలలోని దిండ్లను తెచ్చి పరచి, శబ్దము ఎంతసేపటికి అణగుతుందో కొలిచి, ఒక సూత్రమును కనుగొన్నాడు. గది ఘనపరిమాణమును మీటర్లలో లెక్కించి 0.16తో గుణించి, మొత్తము శోషణముతో భాగిస్తే ఆ కాలము సెకనులలో వస్తుంది.

5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల ఖాళీ గదిని తీసుకోండి. ఘనపరిమాణము 60, ఉపరితలము 94. ఉపరితలము ధ్వనిలో నూటికి 3 పాళ్ళు పీలుస్తుందనుకొంటే శోషణము 2.8, ధ్వని అణగే కాలము 3.4 సెకనులు. ఒక మాట అణగకముందే పది మాటలు వచ్చిపడతాయి. పరుపు, కర్టెన్లు, పుస్తకాల బీరువా చేరి శోషణము 12 అయితే కాలము 0.8 సెకనుకు తగ్గుతుంది. ఎంత ఖరీదైన స్పీకరైనా బోసిగదిలో స్పష్టత ఇవ్వలేదు. ఉపాధ్యాయులు ఖాళీ తరగతిగదిలో ఒకసారి, పిల్లలు నిండినప్పుడు ఒకసారి చప్పట్లు కొట్టించి ఈ భేదమును వినిపించవచ్చును.

గోడ ఓర్వని గాడి

అలమరను ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. ఎండలకు పేరుపడిన రెంటచింతల వంటి ఊళ్ళున్న సీమ ఇది. పడమటి గోడకు ఆనించి, గాలి ఆడని మూలలో పెట్టిన పరికరాల ఆయువు తగ్గుతుంది. ఇంటి నడుమ, గాలి ఆడే చోట అలమర ఉండాలి. మిద్దె మీది డిష్ కమ్మికి ఎర్తింగు ఉండాలి.

తరువాత చూద్దాములే అని ఊరుకొంటే నష్టపోయేది గోడ. నాలుగున్నర అంగుళాల ఇటుకగోడలో అంగుళం లోతు గాడి కొడితే అక్కడ గోడ మందములో అయిదో వంతుకు మించి పోతుంది. నిలువు గాడి కంటె అడ్డగాడి ప్రమాదకరము, ఎందుకంటే బరువు పైనుంచి కిందికి దిగే దారిని అది పొడుగునా సన్నబరుస్తుంది. స్తంభాలను, దూలాలను అసలే చెక్కరాదు. రాతిగోడలో గాడి కొట్టడమే కష్టము. ఇల్లు కట్టేటప్పుడైతే తాపీమేస్త్రీ గోడలో రెండు ఖాళీ గొట్టాలు అమర్చి, ఒక్కొక్కదానిలో లాగుడుతీగ ఉంచితే చాలును. తీగ పాతబడినా, కొత్త రకము వచ్చినా పాతది లాగివేసి కొత్తది ఎక్కించవచ్చును. పరికరాలు మారుతూనే ఉంటాయి; దారి నిలిచి ఉంటుంది.

కనుక బిల్డరు ఖరీదైన పెట్టెలను అంటగట్టవలసిన పని లేదు. గదిగదికీ గొట్టమూ, నడిమి అలమరా, గొట్టాలు ఎక్కడ పోయాయో చూపే పటమూ ఇంటితో పాటు ఇవ్వాలి. మిగిలినది ఇంటివారి ఇష్టము. భవనాలకు వాటి డిజిటల్ సౌకర్యాన్ని బట్టి శ్రేణులు ఇచ్చే నిబంధనలను 2024లో భారత టెలికాం నియంత్రణ సంస్థ ప్రకటించింది. నీరు, వెలుతురు వలెనే సమాచారము కూడా ఇంటి అవసరాలలో చేరిందనడానికి ఇదొక గుర్తు. ఇల్లు కట్టుకొనేవారు ప్లాను మీద సంతకము చేసేముందు, నీటి గొట్టము ఎక్కడ అని అడిగినట్లే, మాట పోయే గొట్టము ఎక్కడ అని కూడా అడగడము మంచిది.