కర్మాగారంలో పుట్టిన సంగీతం

1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మెను తయారుచేసిన జంషెడ్‌పూర్ నగరవాసులమైన మనకు యంత్రఘోష కొత్త కాదు. ఆ ఘోషను తలపించే సంగీతం కూడా ఉన్నది. మన యువతరం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని వినే 'హెవీ మెటల్', 'డ్రోన్' సంగీతాలను మేము ఇటీవల శ్రద్ధగా ఆలకించాము.

హెవీ మెటల్‌కు పుట్టినిల్లు ఇంగ్లాండులోని పారిశ్రామిక నగరమైన బర్మింగ్‌హామ్. అచ్చటి లోహపు రేకుల కర్మాగారంలో టోనీ అయోమీ అనే 17 ఏండ్ల యువకుడు, ఉద్యోగం మానుకొంటున్న నాడే, యంత్రంలో చేయి చిక్కుకొని కుడిచేతి రెండు వేళ్ల కొసలు కోల్పోయాడు. గిటారు ఇక అసాధ్యమనుకొన్నాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు దెబ్బతిన్నా గిటారు విద్వాంసుడిగా రాణించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డును పై అధికారి వినిపించగా ధైర్యం తెచ్చుకొన్నాడు. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకొన్నాడు. 1971లో తన 'బ్లాక్ సబ్బాత్' బృందం ఆల్బమ్ కోసం గిటారు తీగల బిగువు తగ్గించాడు. వేళ్లకు శ్రమ తగ్గింది. వెలువడిన గంభీర మంద్రనాదం అనేకులకు మార్గదర్శకమైంది.

డ్రోన్ సంగీతం మనకు మరింత చేరువ. అమెరికన్ స్వరకర్త లా మాంటే యంగ్ 1970లో పండిట్ ప్రాణనాథ్‌కు శిష్యుడై, తంబురా శ్రుతిని అభ్యసించాడు.

పిల్లలు వినే ఈ సంగీతాన్ని వట్టి రణగొణధ్వనిగా కొట్టివేయరాదని మా అభిప్రాయం. అయితే ఒక హెచ్చరిక: తీవ్రధ్వనికి దెబ్బతిన్న వినికిడి సాధారణంగా తిరిగి రాదు. పనిచోట చెవి రక్షణ కవచాలు ధరించుదాము. ఇంట హెడ్‌ఫోన్ ధ్వనిని తగ్గించుదాము.