స్నోషూస్: మంచులో మునగనివ్వవు.. వాలులో జారనివ్వవు.. 50 ఏళ్లలో ఈ 'మంచు చెప్పులు' ఎలా మారాయో తెలుసా?

నడుం లోతు మంచు. అడుగేస్తే మోకాలి దాకా దిగిపోతుంది. కాలు పైకి లాగి ఇంకో అడుగేస్తే మళ్లీ అదే కథ. ఇలా ఓ వంద అడుగులు వేసేసరికి ఎంత బలమైన మనిషైనా చతికిలపడాల్సిందే. చెమటతో లోపలి బట్టలు తడుస్తాయి. ఆగితే చలి పట్టేస్తుంది. మంచు కొండల్లో ప్రాణాల మీదకు వచ్చేది చాలాసార్లు ఇలాంటి అలసటతోనే!

దీనికి మనిషి వేల ఏళ్ల క్రితమే ఓ ఉపాయం కనిపెట్టాడు. అదే స్నోషూ. చూడ్డానికి టెన్నిస్ రాకెట్‌లా ఉంటుంది. ఫ్రెంచి వాళ్లయితే దీన్ని ఏకంగా 'రాకెట్' అనే పిలుస్తారు. వేల ఏళ్ల పాటు పెద్దగా మారని ఈ వస్తువు, గత 50 ఏళ్లలో మాత్రం గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. ఎందుకు మారింది? ఏం మారింది? ఓ లుక్కేద్దాం.

అసలు లెక్క ఏంటంటే..

సూత్రం చాలా సింపుల్. బరువును ఎక్కువ వైశాల్యం మీద పరిస్తే ఒత్తిడి తగ్గుతుంది. మన పొలాల్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి ఇనుప కేజ్ వీల్స్ తగిలిస్తారు కదా.. బురదలో దిగబడకుండా, అదే సమయంలో పట్టు దొరికేలా. స్నోషూ చేసేది కూడా సరిగ్గా ఆ రెండు పనులే.

చిన్న లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డాడనుకుందాం. బూటు అడుగు భాగం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 280 గ్రాముల బరువు. అదే 1000 చదరపు సెంటీమీటర్ల స్నోషూ కడితే ఆ బరువు 70 గ్రాములకు పడిపోతుంది. నాలుగో వంతు అన్నమాట! అలాగని అస్సలు మునగరని కాదు. మెత్తటి పొడి మంచులో స్నోషూ కట్టినా కొంత దిగుతుంది. కానీ మోకాలి లోతుకు, చీలమండ లోతుకు ఉన్న తేడానే మనిషిని ముందుకు నడిపిస్తుంది.

ప్రకృతిలోనూ ఈ టెక్నిక్ ఉంది. ఉత్తర అమెరికాలో 'స్నోషూ హేర్' అనే కుందేలుకి వెనక కాళ్లు ఒంటితో పోలిస్తే చాలా పెద్దవి. దాని పేరు అలా వచ్చిందే.

కర్ర, పచ్చితోలు.. పాత స్నోషూ కథ

ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులోని ఆల్ప్స్ పర్వతాల్లో, 3 వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఓ హిమానీనదం దగ్గర 2003లో బర్చ్ కర్రతో చేసిన ఓ స్నోషూ దొరికింది. పరీక్షిస్తే అది క్రీస్తుపూర్వం 3800-3700 మధ్య కాలానిదని తేలింది. అంటే దాదాపు 5,800 ఏళ్ల నాటిది!

అయితే ఈ విద్యను శిఖరానికి తీసుకెళ్లింది మాత్రం ఉత్తర అమెరికా ఆదివాసీలు. క్రీ, ఒజిబ్వే లాంటి తెగలు కర్రను వంచి ఫ్రేమ్ చేసేవి. మధ్యలో జంతువుల పచ్చితోలు తాళ్లతో వల అల్లేవి. ప్రాంతాన్ని బట్టి ఆకారం మారేది. దట్టమైన అడవిలో చెట్ల మధ్య తిరగడానికి పొట్టిగా, గుండ్రంగా ఎలుగుబంటి పాదంలా ఉండేవి వాడేవారు. విశాలమైన మైదానాలు, గడ్డకట్టిన సరస్సుల మీద పొడవాటివి కట్టేవారు. చదునైన నేల మీద మెత్తటి మంచులో తేలడానికి ఆ పొడవాటి కర్ర స్నోషూలు ఇప్పటికీ తక్కువేం కావు. అడుగుల చప్పుడు కూడా వినిపించదు.

మరి సమస్య ఎక్కడ? పచ్చితోలు తడిస్తే సాగిపోతుంది. ఏటా వార్నిష్ పూయాలి. మూల పడేస్తే ఎలుకలు కొరికేస్తాయి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది.. గట్టిపడిన మంచు వాలు మీద కర్రకు పట్టు చిక్కదు. సర్రున జారిపోతుంది.

1970ల్లో అసలు మలుపు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్కేడ్ పర్వతాలు ఉన్నాయి. అక్కడి వాలులు నిటారుగా ఉంటాయి, మంచు బరువుగా, తడిగా ఉంటుంది. అడవి బాటలు, సరస్సుల కోసం పుట్టిన స్నోషూలు అక్కడ పనికిరాలేదు. ఆ కొండలెక్కే అన్నదమ్ములు జీన్ ప్రాటర్, బిల్ ప్రాటర్ ఈ సమస్య మీద పడ్డారు.

వాళ్లు కర్ర తీసేసి అల్యూమినియం గొట్టం పెట్టారు. తోలు వల స్థానంలో నియోప్రీన్ పూసిన నైలాన్ షీటు బిగించారు. దీన్నే 'డెక్' అంటారు. ఇక అసలు విశేషం పాదం కింద ఉంది. బూటును పట్టి ఉంచే 'బైండింగ్' కీలు మీద తిరిగేలా చేసి, దానికి లోహపు పళ్లు తగిలించారు. మడమ ఎత్తి వాలు ఎక్కుతుంటే, వేళ్ల కింద ఉన్న ఆ పళ్లు పులి పంజాలా మంచులోకి దిగుతాయి. వీటిని 'షెర్పా' పేరుతో అమ్మారు.

ఇక్కడే మొత్తం ఆట మారింది. అప్పటిదాకా అందరి ప్రశ్న ఒక్కటే: మునగకుండా ఎలా? ఆ తర్వాత ప్రశ్న ఇలా అయింది: జారకుండా ఎలా? పట్టు దొరికేసరికి, చిన్న స్నోషూతోనే కొండెక్కే ధైర్యం వచ్చింది. సైజు తగ్గితే బరువు తగ్గింది, నడక సులువైంది.

ఒక్క కీలులో ఇంత విషయమా?

అవును. బైండింగ్ కీలులో ప్రధానంగా రెండు రకాలు.

ఒకటి, స్వేచ్ఛగా తిరిగేది. కాలు ఎత్తినప్పుడు స్నోషూ తోక కిందికి వాలిపోతుంది. పైన పేరుకున్న మంచు జారిపోతుంది, కాలికి బరువుండదు. వాలులో పళ్లు లోతుగా దిగుతాయి. కాకపోతే వెనక్కి అడుగేయడం కష్టం.

రెండోది, సాగే పట్టీతో బిగించింది. కాలితో పాటు తోక కూడా పైకి లేస్తుంది. అడ్డొచ్చిన మొద్దులు దాటడం, వెనక్కి జరగడం సులువు. కానీ నడుస్తుంటే మంచు ఎగిరి పిక్కల మీద పడుతుంది.

1990ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డిజైన్ చదివిన పెర్రీ క్లెబాన్ తన స్నోషూ ప్రాజెక్టునే 'అట్లాస్' అనే కంపెనీగా మార్చారు. స్ప్రింగులా సాగే బైండింగే ఆ కంపెనీకి పేరు తెచ్చింది. కొలరాడోకి చెందిన 'రెడ్‌ఫెదర్' అయితే పరుగెత్తడానికి వీలైన చిన్న, తేలికైన స్నోషూలు తెచ్చింది. అదే సమయంలో లిఫ్టులు లేని కొండలెక్కాలనుకున్న స్నోబోర్డర్లు కూడా వీటిని కొన్నారు. ముసలి వేటగాళ్ల వస్తువు కాస్తా కుర్రాళ్ల ఆటవస్తువైంది.

అన్నట్టు.. స్నోషూ పరుగులో మన దేశానికి పతకాలు ఉన్నాయని తెలుసా? 2025 మార్చిలో ఇటలీలోని టురిన్‌లో జరిగిన స్పెషల్ ఒలింపిక్స్ వరల్డ్ వింటర్ గేమ్స్‌లో భారత్ మొత్తం 33 పతకాలు గెలిచింది. వాటిలో స్నోషూయింగ్ పతకాలు కూడా ఉన్నాయి.

ప్లాస్టిక్ వచ్చింది.. ధర తగ్గింది

1990ల మధ్యలో సియాటెల్‌కి చెందిన 'ఎంఎస్ఆర్' మరో ప్రయోగం చేసింది. పర్వతారోహకుడు బిల్ ఫారెస్ట్ డిజైన్ చేసిన 'డెనాలి' స్నోషూకి ఫ్రేమ్, డెక్ అంటూ వేర్వేరుగా లేవు. మొత్తం ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్. అడుగున పొడవునా లోహపు పట్టాలు. ఇంకో తెలివైన ఏర్పాటు.. మంచు లోతుగా ఉంటే వెనక అదనపు తోక తగిలించుకోవచ్చు, అక్కర్లేకపోతే తీసి బ్యాగులో పడేయొచ్చు. లోపం ఏంటంటే, గట్టి మంచు మీద టకటకా చప్పుడు చేస్తుంది.

తర్వాత అదే కంపెనీ 'లైట్నింగ్' మోడల్‌లో ఫ్రేమ్‌నే ఆయుధంగా మార్చింది. గుండ్రటి గొట్టం బదులు, నిలువుగా నిలబెట్టిన అల్యూమినియం పట్టీ. దాని అంచు మొత్తం రంపంలా పళ్లు! దీని వల్ల లాభం ఎక్కడంటే, వాలుకు అడ్డంగా నడిచేటప్పుడు. గుండ్రటి గొట్టం అక్కడే పక్కకు జారుతుంది. రంపపు అంచు మాత్రం చుట్టూ పట్టు ఇస్తుంది.

మడమ కింద చిన్న కమ్మీ.. పిక్కలకు పెద్ద రిలీఫ్

నిటారు వాలు ఎక్కుతుంటే మడమ కిందికి వాలి, పిక్కలు లాగేస్తాయి. దీనికి పరిష్కారం మడమ కింద మడిచి పెట్టిన ఓ లోహపు కమ్మీ. వాలు రాగానే దాన్ని పైకి లేపితే మడమ దాని మీద ఆనుతుంది. కొండెక్కుతున్నా మెట్లెక్కుతున్నట్టు ఉంటుంది. దిగేటప్పుడు మళ్లీ మడిచేయాలి.

బైండింగులూ మారాయి. గ్లవ్స్ తీయకుండా బిగించుకోవడమే ఇక్కడ లక్ష్యం. ఎందుకంటే మైనస్ 15 డిగ్రీల్లో రెండు నిమిషాలు వట్టి చేతులతో బకిల్ పెట్టాలంటే వేళ్లు మొద్దుబారిపోతాయి. కొన్ని మోడళ్లలో 'బోవా' అనే చక్రం తిప్పితే సన్నటి తీగ బిగుసుకుంటుంది. ఇంకొన్నిటిలో బూటు పైభాగాన్ని మొత్తం పట్టుకునే మెత్తటి వల లాంటి పట్టీ ఉంటుంది. చలికి బిర్రబిగుసుకుపోని రబ్బరు లాంటి పదార్థాలతో పట్టీలు చేయడం కూడా ఇందులో భాగమే.

ఫ్రాన్స్‌కి చెందిన 'టీఎస్ఎల్' పాదంతో పాటు వంగే డెక్ తెచ్చింది. కొలరాడో కంపెనీ 'క్రెసెంట్ మూన్' అయితే కీలు, ఫ్రేమ్ రెండూ తీసేసి, రన్నింగ్ షూ అడుగున ఉండే ఫోమ్‌తోనే మొత్తం స్నోషూ చేసేసింది. నడక మామూలు బూటులా హాయిగా ఉంటుంది, చప్పుడుండదు. కానీ అది అణిగిన బాటలకే. నిటారు ఐసు వాలులకు కాదు.

వీటన్నిటి వెనక ఉన్నది బరువు లెక్క. కాలికి కట్టిన ఒక కిలో, వీపున మోసే ఐదు కిలోలతో సమానం అని పర్వతారోహకులు అంటుంటారు. అందుకే గ్రాముల కోసం ఇంత పోటీ.

మరి ఏది తీసుకోవాలి?

సియాటెల్, డెన్వర్, టొరంటో లాంటి చోట్ల ఉంటున్న మనవాళ్లు చాలామంది చలికాలంలో వీటిని అద్దెకు తీసుకుంటున్నారు. ఈ విషయాలు గుర్తుంచుకుంటే చాలు:

• సైజు చూసేటప్పుడు మీ బరువు ఒక్కటే కాదు.. బ్యాగు, బట్టలు, నీళ్లు అన్నీ కలపాలి.

• పార్కులు, అణిగిన బాటలకు చిన్నది, తేలికైనది చాలు.

• కొండ వాలులకైతే లోహపు పళ్లు, మడమ కమ్మీ తప్పనిసరిగా చూసుకోవాలి.

• తాజా లోతైన మంచుకు పెద్ద సైజు లేదా అదనపు తోక.

• మహిళల మోడళ్లు సన్నగా ఉంటాయి. కాలు కాలికి తగలకుండా నడవొచ్చు.

• బయల్దేరే ముందు పట్టీలన్నీ ఒకసారి లాగి చూడండి. బ్యాగులో విడి పట్టీ ఒకటి ఉంచుకోండి. రోడ్డుకు మూడు కిలోమీటర్ల దూరంలో పట్టీ తెగితే, ఎంత ఖరీదైన స్నోషూ అయినా వట్టి బరువే.

ఇవి చేయలేని పని ఒకటుంది!

స్నోషూ మునగకుండా కాపాడుతుంది, జారకుండా ఆపుతుంది. కానీ హిమపాతం నుంచి కాపాడలేదు. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే మంచు చరియలు ఎక్కువగా విరిగిపడతాయి. పట్టు బాగా దొరుకుతోంది కదా అని అలాంటి చోటికి ఎక్కేయడమే పెద్ద ప్రమాదం. ఇదివరకు కర్ర స్నోషూ జారిపోయి మనిషిని అక్కడే ఆపేసేది. ఇప్పటి పళ్లు పైదాకా తీసుకెళ్లిపోతాయి! అందుకే వెళ్లే ముందు స్థానిక హిమపాత హెచ్చరికలు చూడాలి. ఆ వాలుల్లోకి వెళ్లేవాళ్ల దగ్గర బీకన్, పార, ప్రోబ్ ఉండాలి, వాటిని వాడటం కూడా వచ్చి ఉండాలి. ఇక గట్టి ఐసు ఉన్న చోట స్నోషూ పనికిరాదు, అక్కడ బూటుకు కట్టే క్రాంపాన్లు కావాల్సిందే.

50 ఏళ్లలో డిజైనర్లు చాలా సమస్యలు తీర్చారు. ఎక్కడ ఆగి వెనక్కి తిరగాలో తేల్చుకునే పని మాత్రం ఇప్పటికీ నడిచేవాడిదే.