ఎద్దు మెడలోని థైమస్

రాయగడ జిల్లా కొల్నార చుట్టుపక్కల ఊళ్లలో కోడెకు విత్తులు నొక్కించడం కొత్తేం కాదు. పొగరు తగ్గుతుంది, కాడికి లొంగుతుంది. పైకి తెలిసేది అంతవరకే. మెడ అడుగున, ఛాతీలోకి దిగే థైమస్ గ్రంథి ఆంబోతులో త్వరగా కృశిస్తుంది, ఎద్దులో చాలాకాలం పెద్దగానే ఉంటుంది. జాన్ హెండర్సన్ అనే పరిశోధకుడు 1904లోనే ఈ తేడా పట్టుకున్నాడు. ఆ గ్రంథి ఎందుకుందో మాత్రం అప్పటికి తేలలేదు. రోగాలతో పోరాడే టి-కణాలకు అదే బడి. ఆ సంగతికి దారి తీసినవి 1961 నాటి జాక్ మిల్లర్ ప్రయోగాలు. మగ హార్మోను టెస్టోస్టెరాన్ ఆ బడిని కుదించేస్తుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్ వైద్యం గురిపెట్టేదీ ఆ హార్మోను మీదే. వృషణాలు తీసేస్తే ముదిరిన క్యాన్సర్ కూడా తగ్గుముఖం పడుతుందని 1941లో చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. రాయగడలో రైలెక్కి విశాఖ వెళ్లే పెద్దాయనకు ఈనాటికీ డాక్టరు చెప్పేవి ముఖ్యంగా రెండు: ఒక్కసారితో అయిపోయే చిన్న ఆపరేషన్, లేదంటే మూడు నెలలకోసారి ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్. ఖర్చుకు భయపడి ఆపరేషన్‌కే తలూపేవాళ్లు మన దగ్గర ఉన్నారు.

హార్మోను పడిపోతే క్యాన్సర్ కణం ఎదుగుదల ఆగుతుంది, అంతేనా? టి-కణంలోనూ ఆండ్రోజన్ (మగ హార్మోను) గ్రాహకం ఉంది. హార్మోను దాన్ని తట్టినప్పుడు, దాడికి కావలసిన ఇంటర్‌ఫెరాన్-గామా తయారీ మందగిస్తుందని 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. అలాగైతే గ్రాహకాన్ని మూసే మాత్ర వేస్తే సరిపోవాలి కదా! ఎలుకలు ఒప్పుకోలేదు. 2016 నాటి ప్రయోగంలో, వృషణాలు తీసిన ఎలుకల్లో, రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ బాగా పనిచేసింది. ఫ్లూటమైడ్ తరహా మాత్రలు ఇచ్చినప్పుడు మాత్రం, కొత్త శత్రువును గుర్తుపట్టే తొలి మెట్టు మీదే టి-కణాలు చతికిలబడ్డాయి. మాత్రలు మరో గ్రాహకం మీద కూడా పనిచేయడమే అందుకు కారణం. ఇమ్యూనోథెరపీ ముందిచ్చి మాత్రలు తర్వాత ఇస్తే నష్టం తగ్గింది. నా దృష్టిలో ఇందులో అసలు విశేషం ఈ వరసే. మనుషుల విషయంలో తొందరపడకూడదు: గ్రాహకాన్ని మూసే ఎంజలుటమైడ్‌కు ఇమ్యూనోథెరపీ మందు అటెజోలిజుమాబ్ జోడించి చేసిన పెద్ద పరీక్షలో రోగుల ఆయుష్షు పెరగలేదు.

ఇక ప్రోస్టేట్ క్యాన్సర్‌కే ఇచ్చే మరో మాత్ర, అబిరాటెరోన్. దానితోపాటు రోజూ వేసే ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్. మోతాదు చిన్నదైనా రోగనిరోధక శక్తిని అణిచే జాతి మందు. మలేరియా, క్షయ ఉన్న కొండ ప్రాంతంలో జ్వరమొస్తే ఆరోగ్య కేంద్రంలో ముందుగా ఈ రెండు మాత్రల పేర్లూ చెప్పాలి. ప్రెడ్నిసొలోన్‌ను మాత్రం సొంతంగా, ఉన్నట్టుండి మానేయకూడదు.