ముంగిటి బడి

అంగణమనగా ముంగిలి. ఈ మాటను తెలుగువారికి విప్పి చెప్పనక్కరలేదు. మరాఠీలో వాడీ యనగా తోట యనియు, చిన్నపల్లె యనియు అర్థములు గలవు. మన 'వాడ'కు అది దగ్గరి చుట్టము. ఈ రెండును కలిసిన 'అంగన్‌వాడీ' నేడు ప్రతి తెలుగు పల్లెలోను బోర్డుమీద కనబడు మాట. దాని పుట్టుక మాత్రము చాలమంది ఎరుగరు. బొంబాయికి ఉత్తరమున సముద్రపుటొడ్డున బోర్డీ యను ఊరు కలదు. తారాబాయి మోదక్ అను విద్యావేత్త 1945 లో అక్కడ పసిపిల్లలకొక బాలవాడిని నెలకొల్పిరి. అది చక్కగ నడచుచున్నను, ఊరి వెలుపలనున్న దళితుల వాడలోని పిల్లలు దానికి రాలేదు. పిల్లలు బడికి రానిచో బడియే పిల్లలయొద్దకు పోవలెనని ఆమెయు, ఆమె సహచరి అనుతాయి వాఘ్‌గారును తలచి, ఆ వాడ ముంగిళ్ళలోనే ఆటలు, పాటలు, కథలు ఆరంభించిరి. ముంగిట నడచినది గనుక అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2 వ తేదీన కేంద్రప్రభుత్వము 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమును ప్రారంభించినపుడు ఆ పేరునే గ్రహించినది. ఇప్పుడు ఒక్క ఆంధ్రప్రదేశమునందే 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రములు కలవు. పేరు దేశమంతట వ్యాపించినది గాని, ఆ పేరులోని ముంగిలి, అనగా ఇరుగుపొరుగుల రాకపోకలు, పెద్దల కనుచూపు, వాడకు వాడయే బడికి అండగ నిలుచుట, క్రమముగ మరుగున పడినది.

కోనసీమలో మామిడికుదురు మండలమునకు చెందిన నగరము పేరు పత్రికాపాఠకులకు ఒక దుర్ఘటనవలన తెలిసినది. 2014 జూను 27 వ తేదీ తెల్లవారుజామున అచట గ్యాసు పైపులైను ప్రేలి ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. భూమి క్రింద పారు వాయువును గూర్చి ఆనాడు దేశమంతయు మాటలాడినది. అటువంటి ఊరిలో అయిదారేండ్లు నిండని పసివాడు ప్రతిదినము ఏమి వినుచున్నాడు, ఎవరితో మాటలాడుచున్నాడు, ఒకటవ తరగతి గడప తొక్కునాటికి అతనికి తోడెవరు, అను ప్రశ్నలు మాత్రము వార్తలు కావు.

నగరమైనను, దాని ప్రక్కనున్న తాటిపాకయైనను, ఏటికావలి అమలాపురపు పల్లెలైనను, కోనసీమలో పసిపిల్లల పెంపకమునకు నేడొక ప్రత్యేకస్థితి ఏర్పడినది. కొబ్బరి దింపు, వలుపు పనివారును, పీచు పనికి, రొయ్యల చెరువులకు పోవువారును తెల్లవారకమునుపే ఇల్లు విడుతురు. అంతకంటె పెద్ద సంగతి మరియొకటి. ఈ సీమనుండి వేలాది స్త్రీలు కువైటు మొదలగు గల్ఫు దేశములకు ఇంటిపనులకై పోవుచున్నారు. ఇతరుల బిడ్డలను ఎత్తుకొని పెంచుటకు తల్లి అక్కడ. ఆమె బిడ్డ ఇక్కడ అమ్మమ్మయొద్దనో, నాయనమ్మయొద్దనో. కావున ఈ పల్లెలలో అనేకమంది పసివారిని బడికి సిద్ధము చేయు భారము ఆ వృద్ధురాలిపై పడినది. ఆమెకు చదువు రాకపోవచ్చును. చదువు రాదు గనుక ఈ పనిలో తనకు చేయదగినదేమియు లేదని ఆమె నమ్మియున్నది. ఊరును అట్లే నమ్మియున్నది. చిక్కంతయు ఇక్కడనే కలదు.

బడికి సిద్ధమగుట యనగా ఏమి? ఇంగ్లీషు అక్షరములు వరుసగ వల్లించుట, నూరువరకు అంకెలు ఒప్పగించుట అని చాలమంది యెంచుదురు. ఒకటవ తరగతిలో పిల్లలను కూర్చుండబెట్టి చూచిన ఏ ఉపాధ్యాయురాలినడిగినను ఆమె కోరునవి వేరు. తల్లిని విడిచి కొంతసేపుండగలుగుట. దాహమైనను, కడుపునొప్పియైనను నోరు తెరచి చెప్పగలుగుట. కథ చివరివరకు వినుట. తన వంతు వచ్చువరకు ఆగుట. ఏడు గింజలను ఒక్కొక్కటిగ ముట్టుచు ఏడని లెక్కించుట. కాగితముపై బొమ్మ ఒక వస్తువునకు గుర్తని యెరుగుట. అక్షరము గూడ ఒక ధ్వనికి గుర్తేకదా! బొమ్మ సంగతి తెలిసినవానికి అక్షరము సంగతి తెలియుట కష్టము కాదు. వీనిలో వేటికిని పలక అక్కరలేదు. అన్నిటికిని మాటలాడు మనిషి కావలెను.

ఆ మనిషియొద్ద ఎంత సంపద యున్నదో చూడుడు. కొబ్బరిచెట్టు క్రింద పెరిగిన పిల్లవానికి మొవ్వు, మట్ట, ఈనె, గెల, బొండాము, పీచు, చిప్ప, కురిడీ అను మాటలు అవ్వ నోటినుండియే వచ్చును. ఒక్క చెట్టునకు ఇన్ని పేర్లు తెలిసినవానికి వస్తువును భాగములుగ విడదీసి చూచుట అప్పుడే అలవడినది. రేవు, పంటు, లాకు, గట్టు అను మాటలతో వానికి భూగోళము ఆరంభమైనది. వామనగుంటల పీటకు పదునాలుగు గుంటలు. చింతగింజలను గుంటకొకటిగ విడుచుకొనుచు పోవుటలో లెక్కయు, ముందుచూపును రెండును కలవు. పొడుపుకథ విప్పుటలో తర్కమున్నది. గుజ్జనగూళ్ళలో పాలు పంచుట, వడ్డించుట, ఇంటిపెద్దవలె మాటలాడుట అను నాటకమున్నది. రుక్మిణి బాల్యమును వర్ణించుచు పోతన ఆమెచేత బొమ్మల పెండ్లిండ్లు చేయించి, గుజ్జనగూళ్ళు వండించెను. రాజకన్యకును, కూలివాని కూతురునకును ఆట ఒక్కటియే.

పూర్వము పసివాడు బడికి పోవుట ఇంటి వ్యవహారముగ గాక వీధి వ్యవహారముగ నుండెడిది. 1823 లో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వమునకు పంపిన నివేదికలో దీనిని గూర్చి చక్కని వర్ణన కలదు. (ఈయన తెలుగునకు వ్యాకరణము వ్రాసిన క్యాంప్‌బెలే, 1816 లో అది అచ్చయినది.) పిల్లవానికి అయిదేండ్లు నిండగనే తల్లిదండ్రులు బడిపంతులును, బడిలోని పిల్లలనందరను ఇంటికి పిలుతురట. అందరును గణపతి ప్రతిమచుట్టు వలయముగ కూర్చుందురు. క్రొత్తపిల్లవానిని ప్రతిమకెదురుగ కూర్చుండబెట్టి, పంతులు ప్రక్కన చేరి ప్రార్థన చెప్పించి, వాని వ్రేలు పట్టి బియ్యములో వ్రాయించును. మరునాటినుండి చదువు. పిల్లవాడు క్రొత్త చోటికి పోవుటకు ముందు ఆ చోటే అతని ఇంటికి వచ్చుట ఇందలి విశేషము. మరునాడు బడిలో అడుగిడువానికి అక్కడి ముఖములు తెలిసినవే. నేటి శిశువిద్యా నిపుణులు ఇంటినుండి బడికి మార్పును సుకరము చేయుటను గూర్చి గ్రంథములు వ్రాయుచున్నారు. మన వీధిబడి ఆ పనిని ఒక్క సాయంకాలపు పప్పుబెల్లములతో ముగించినది. దసరాకు పిల్లలు విల్లంబులు పట్టి పంతులుగారి వెంట ఇంటింటికి పోవుటయు ఇట్టిదే. బడికి కావలసిన ఖర్చు అట్లు ఊరే భరించెడిది.

అయినను ఆ వలయమును తలచుకొని నిట్టూర్చుటకు ముందు, అందులో ఎవరు కూర్చుండిరో చూడవలెను. ఆ నివేదికలన్నిటిని కూర్చి సర్ తామస్ మన్రో 1826 లో వెల్లడించిన లెక్కప్రకారము మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. వారిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. ఊరి వెలుపలి వాడల పిల్లలకు వీధిబడి అరుగు ఎక్కు అవకాశమే లేదు. ఊరంతయు ఆదరించిన బడి యనగా ఆ 'ఊరు' అను మాటలో ఎవరు చేరుదురో దానినిబట్టి దాని విలువ.

ఈ లోపమును గుర్తించి పని చేసినవారిలో గోదావరి ఒడ్డున పుట్టిన ఆడపడుచు ఒకరున్నారు. 1909 లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953 లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు ప్రథమాధ్యక్షురాలైరి. ఆ బోర్డు పల్లెలలో నడపిన సంక్షేమ విస్తరణ పథకములలో బాలవాడి ముఖ్యమైనది. స్థానికస్త్రీలు సంఘముగ నేర్పడి దానిని నడుపవలెను. ఖర్చులో గ్రామస్థుల వంతును ఉండవలెను. డబ్బు ఢిల్లీనుండి వచ్చినను బడి ఊరిది కావలెనని ఆమె సంకల్పము. తరువాత వచ్చిన అంగన్‌వాడీ పథకము బాలవాడికంటె ఎన్నో రెట్లు విస్తృతమైనది. పేదపిల్లలకు భోజనము, గ్రుడ్డు, పాలు, టీకాలు అందుటకు అదియే ఆధారము. ఆ మేలు చిన్నది కాదు. కాని జీతము, సరకు, ఆజ్ఞ అన్నియు పైనుండి వచ్చుటతో గ్రామము ప్రేక్షకస్థానమునకు జరిగినది.

కార్యకర్త సంగతియు చెప్పవలెను. పిల్లలను తూచుట, గర్భిణుల పేర్లు వ్రాయుట, సరకు లెక్క, ఫోనులో యాప్ నింపుట, సర్వేలు: వీనిమధ్య కథ చెప్పుటకు ఆమెకు మిగులు సమయమెంత? ఆంధ్రప్రదేశములో వేతనము కొరకు అంగన్‌వాడీ సిబ్బంది 2023 డిసెంబరులో ఆరంభించిన సమ్మె 42 దినములు నడచినది. వారి కోరికలు న్యాయమైనవని తలచుటకు ఆ పనిపట్టికను ఒక్కమారు చదివిన చాలును. ఆమె ఒంటరిగ చేయలేని భాగమే ఊరు చేయదగిన భాగము.

ఈలోపున మూడేండ్ల పిల్లవాడు ఆటోలో ఇరికి కూర్చుండి కాన్వెంటునకు పోవుచున్నాడు. తండ్రిని నిందించి ప్రయోజనము లేదు. ఇంగ్లీషు రాక తాను పడిన పాట్లు, గల్ఫులో భార్య పడుచున్న పాట్లు అతనికి తెలియును; ఆమె పంపిన డబ్బును అతడు బిడ్డ చదువునకే పెట్టుచున్నాడు. కాని పెన్సిలు పట్టుటకు వ్రేళ్ళు బలపడని వయసున పుట లెక్కన వ్రాత పని చేయించుట చదువునకు సోపానము కాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానమును మూడవయేటినుండి ఎనిమిదవయేటివరకు ఒక్కటే దశగ చూచి, అది ఆటపాటలతో సాగవలెనని నిర్దేశించినది. కాగితముమీది ఈ మాట కాన్వెంటు గుమ్మము చేరుటకు ఇంకను కాలము పట్టును.

పరదేశములలో ఈ పని ఎట్లు సాగినదో రెండు ఉదాహరణలు చాలును. 1907 జనవరి 6 వ తేదీన రోమునగరపు పేదపేటయైన సాన్ లొరెంజోలో మరియా మాంటిసోరి మొదటి శిశుగృహమును తెరచెను. పగలెల్ల తల్లిదండ్రులు పనికి పోగా పిల్లలు గోడలు పాడుచేయుచున్నారని గృహయజమానులు తలచిన ఉపాయమది! బడి ఆ ఇండ్ల సముదాయములోనే యుండెను. తల్లులు వారమున కొకమారైనను వచ్చి ఉపాధ్యాయురాలితో బిడ్డనుగూర్చి మాటలాడవలెనని నియమము గోడకు వ్రేలాడదీయబడినది. మాంటిసోరి పద్ధతి పేరిట నేడు మన పట్టణములలో ఫీజులు గుంజు బడులలో ఆ నియమము ఎంతవరకు మిగిలినదో చెప్పనక్కరలేదు.

రెండవది ఇటలీలోనే రెజ్జో ఎమీలియా సమీపమున విల్లా చెల్లా అను పల్లె. 1945 లో యుద్ధము ముగిసినపుడు జర్మనులు వదలిపోయిన ఒక ట్యాంకు, కొన్ని లారీలు, గుర్రములు ఆ ఊరివారికి దక్కినవి. వానిని అమ్మి వచ్చిన డబ్బుతో పసిపిల్లల బడి కట్టవలెనని నిశ్చయించిరి. కూలిన ఇండ్ల ఇటుకలు ఏరి, ఏటి ఇసుక తెచ్చి, ఆడవారును మగవారును సెలవుదినములలో గోడలు లేపిరి. ఆ వార్త విని సైకిలుపై అక్కడికి పోయి చూచిన లోరిస్ మలగుజ్జి యను యువ ఉపాధ్యాయుడు తన జీవితమునే ఆ పనికి అర్పించెను. నేడు ప్రపంచమునలుమూలలనుండి విద్యావేత్తలు చూడవచ్చు రెజ్జో బడులకు మూలమది.

కోనసీమ పల్లెలలో ట్యాంకులు లేవు. కట్టవలసిన గోడలును పెద్దగ లేవు. ఉన్న గోడలలోనికి మనుష్యులు రావలెను. నెలకొక దినము తల్లిదండ్రులను, పెద్దలను పిలిచి పిల్లల ఆటపాటలు చూపవలెనని అంగన్‌వాడీలకు నియమము కలదు. ఆ దినము చాలచోట్ల సంతకములతో, ఫోటోతో ముగియును. ఆ ఒక్క దినమును నిజముగ వాడుకొన్నచో చాల పని జరుగును. ఒక నెల అవ్వ ఒకతె కథ చెప్పవచ్చును; మరుసటి నెల దింపు పనివాడు మోకు ఎట్లు కట్టుకొని చెట్టెక్కునో చూపవచ్చును; వడ్రంగి వామనగుంటల పీట చేసి యీయవచ్చును. పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయులు లేని ఊరు ఈ సీమలో అరుదు. వారొకగంట వచ్చి కార్యకర్త పుస్తకము నింపుచున్నంతసేపు పిల్లలతో కూర్చుండవచ్చును. సంక్రాంతికి భోగిపళ్ళు పోయుటకు పేరంటాండ్రందరును పసివాని చుట్టు చేరుదురు గదా. చేరుట ఈ ఊళ్ళకు క్రొత్త కాదు.

కష్టమైన భాగము వేరొకటి కలదు. కేంద్రము ఏ పేటలో నున్నదో దానినిబట్టి ఎవరి పిల్లలు వత్తురో నిర్ణయమగుట నేటికిని కనబడును. 2022 మే నెలలో జిల్లాకు అంబేద్కరు పేరు చేర్చు విషయమున అమలాపురములో ఇండ్లు తగులబడిన సంగతి ఎవరును మరువలేదు. బోర్డీలో తారాబాయి ఎదుర్కొన్న చిక్కు అదే. ఆమె బడిని వాడకు తీసికొనిపోయిరి. ఊరి పిల్లలను గూడ ఆ ముంగిటికి తీసికొనివచ్చుట మిగిలియున్న పని. అది కార్యకర్తవలన కాదు, ఉత్తర్వువలన కాదు. వాకిట నిలిచిన ఇద్దరు అవ్వలు, వేర్వేరు పేటలవారు, మనుమలను గూర్చి మాటలాడుకొనుటతో అది ఆరంభము కావచ్చును.

జూను నెలలో బడులు తెరచునపుడు ఇటీవల పలుచోట్ల సామూహిక అక్షరాభ్యాసములు జరుపుచున్నారు. పళ్ళెములో బియ్యము, చుట్టు పిల్లలు. క్యాంప్‌బెల్ చూచిన వలయమే. ఆడపిల్లలును ఇప్పుడు అందులో కూర్చుందురు. తల్లుల వరుసలో తెల్లజుట్టు ముడులు అక్కడక్కడ కనబడును. ఒక అవ్వ మనుమని వ్రేలు పట్టుకొని పంతులమ్మ వైపు చూచుచుండ, ఆమె ప్రక్కనున్నవారెవరో ఫోను ఎత్తిపట్టుకొని యుందురు, కువైటులోని తల్లి చూచుటకు.